అరుగు కింద దూలాలు

ఇల్లు,
ఫిబ్రవరి 9

ఒరేయ్ బొంగరం,

ఈ ఉత్తరం చేరేసరికి ఆ రేవులోనే ఉన్నావో, ఇంకో రేవుకి దొర్లిపోయావో తెలియదు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో గోడలు పేరుకే. వంటింట్లో గుసగుసలాడినా మీ బావకి వెనక గదిలో వినిపిస్తుంది. నాలుగేళ్ళుగా మంచానికే అంటుకుపోయిన మనిషికి చెవులే కాళ్ళు. అందుకని కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని, స్కూలు యూనిఫారాలు కుడుతున్నట్టు నటిస్తూ రాస్తున్నాను.

నువ్వు కట్టిన చెక్క అరుగు పాడైపోతోందిరా. బావ కరెంటు స్తంభం మీంచి పడి ఆసుపత్రిలో ఉండగా, ఆయన ఇంటికొచ్చే రోజుకి తయారవ్వాలని పది రోజులు తిండీ నిద్రా మానుకుని కట్టావు. వెనక గది తలుపు తీస్తే రెండున్నర అడుగుల లోతున బురద నేల ఉండేది. గడప అడ్డం లేకుండా, గది నేలకి సమంగా నువ్వు పలకలు పరిచేసరికి చక్రాల కుర్చీని ఒక్క వేలితో తోసినా వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో ఆయనకి బయట అంటూ ఉన్నది ఆ అరుగొక్కటే. పొద్దున తొమ్మిదికి వెళ్ళి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంటారు. వెనక సందులో స్తంభాలు ఎక్కే కొత్త లైన్‌మన్లని చూసి, "ఆ వైరు అలాగేనా కట్టేది? వాడి చెవి మెలేసేవాడు లేడు" అని తిట్టుకుంటూ ఉంటారు. అదే ఆయన ఉద్యోగం ఇప్పుడు.

పోయిన వానలకి పలకలు బూడిద రంగుకి తిరిగాయి. అక్కడక్కడా నల్లమచ్చలు, గోడవార పాచి. మొన్న చక్రం సర్రున జారి రెయిలింగుకి కొట్టుకుంది. ఆయన నవ్వేశారు కానీ నేను కుర్చీ లోపలికి లాగేశాను. రంగుల కొట్టతను మెరిసే వార్నిష్ వెయ్యమంటున్నాడు. వెయ్యనా?

నువ్వే వచ్చి చేస్తే రెండు రోజుల పని నీకు. నువ్వొచ్చి మూడేళ్ళయింది. బావ బాగానే ఉన్నారు. కాస్త దగ్గు, అంతే.

నీ అక్క


రేవు, మూడో షెడ్డు
ఫిబ్రవరి 20

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నా అక్షరాలు చూసి కంగారు పడకు. ఇక్కడ బల్ల లేదు, మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, పైగా సముద్రపు గాలికి కాగితం కుదురుగా ఉండదు.

ముందు ఆ కొట్టతనికి దణ్ణం పెట్టి బయటికి రా. మెరిసే వార్నిష్ ఎండలో ఉండే చెక్కకి శత్రువు. నాలుగు నెలలు అద్దంలా ఉంటుంది, తర్వాత పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చుల కింద నీళ్ళు దూరి ఇక బయటికి రావు. చెక్కకి కావలసింది తొడుగు కాదు, తాగడానికి నూనె. బయటి చెక్కకి వేసే అవిసె నూనె దొరుకుతుంది, బూజు పట్టకుండా మందు కలిపింది అడుగు.

ఇప్పుడు విను. గట్టి బ్రష్షుతో, సబ్బునీళ్ళతో, చార ఎటు పోతే అటే రుద్దు. అడ్డంగా రుద్దావో చెక్కకి గీతలు, నాకు తిట్లు. పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న ఆకులూ మట్టీ పాత కత్తితో తీసెయ్యి, ఆ సందులే నీళ్ళు పోయే దారి. తర్వాత మూడు రోజుల పాటు మంచి ఎండ తగలనీ. పైకి ఆరినట్టు కనబడినా లోపల తడి ఉంటుంది, తొందరపడకు. ఆ తర్వాత ఉప్పుకాగితం పట్టు, గరుకుది ముందు, సన్నది తర్వాత. పొడి మొత్తం తుడిచి నూనె పల్చగా వెయ్యి. పావుగంట ఆగి, చెక్క తాగగా మిగిలింది గుడ్డతో లాగెయ్యి, లేకపోతే జిగురు కడుతుంది. మర్నాడు రెండో పూత. పలకల కొసలకి మాత్రం పీనాసితనం చెయ్యకు, అవి నీళ్ళని స్ట్రాతో పీల్చినట్టు పీల్చేస్తాయి. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళ బకెట్లో వెయ్యి.

అయ్యాక నాలుగు నీటి చుక్కలు చల్లి చూడు. ముత్యాల్లా నిలబడితే పని కుదిరినట్టు.

అరుగు కిందికి మాత్రం దూరకు. తేళ్ళుంటాయి. పైన చేస్తే చాలు.

నాకు ఇక్కడ సెలవు దొరకదు. కొత్త ఓడ వచ్చింది. బావకి చెప్పు, తన ఉలిగాడు త్వరలో వస్తాడని.

నీ తమ్ముడు


ఇల్లు,
మార్చి 22

నా బంగారు బొంగరానికి,

అయిపోయిందిరా! నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇరవై ఆరు పలకలు, ఒక్కోటీ మోకాళ్ళ మీద కూర్చుని. నా మోకాళ్ళు ఇప్పుడు నీ ఉప్పుకాగితం కంటే గరుగ్గా ఉన్నాయి. పద్నాలుగు రోజులు పట్టింది, మధ్యలో ఒక రోజు మబ్బు పట్టి నన్ను ఏడిపించింది. సందుల్లోంచి ఏం వచ్చాయనుకున్నావు? నాలుగు గుండీలు, ఒక సూది, మీ బావ పోయిందని ఇల్లంతా వెతికించిన కళ్ళజోడు స్క్రూ.

పక్కింటి టీచరమ్మ ప్రహరీ మీంచి చూసి, "పని మనుషుల్ని పెట్టుకోరాదుటండీ" అంది. "ఇది నా పనేనండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు గానీ ఆ మాట అనేసరికి ఒంట్లోకి బలం వచ్చింది.

మొదటి పూతకే ఆ బూడిద రంగు పోయి తేనెలా తేలింది చెక్క. నిన్న నీళ్ళు చల్లాను. నిలబడ్డాయిరా చుక్కలు! గుండ్రంగా, ఒకటి కూడా ఇంకలేదు. మీ బావని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "బాగుందే. ఇంక చాలు, ఒళ్ళు అలసిపోతోంది నీకు" అన్నారు. అంతే. ఇన్నాళ్ళూ గదిలో పడుకుని విసిగిపోయారు కాబోలు. ఇవాళ బయట కూర్చోబెట్టాను.

నీకో మాట చెప్పలేదు. కాస్త దగ్గు అని రాశాను కదా. అది కాస్త కాదు. పడుకుని పడుకుని ఊపిరితిత్తుల అడుగున నీరు చేరుతోందట. రోజూ నాలుగు గంటలైనా బయటి గాలిలో నిటారుగా కూర్చోబెట్టకపోతే వచ్చే వానలు దాటడం కష్టమన్నారు డాక్టరు. అందుకే అంత ఆత్రపడ్డాను. ఇప్పుడు ఫర్వాలేదు. అరుగు ఉంది.

ఒక అనుమానం. ఎడమ మూల, చూరు గొట్టం కింద, అడుగేస్తే డబ్ డబ్ మంటోంది. మిగతా చోట్ల టక్ టక్ మంటుంది. నూనె ఇంకా తాగాలా అక్కడ?

నీ రాత మాత్రం కోడి గెలికినట్టే ఉంది. మోకాలి మీద కాక మోకాలితో రాశావా?

నీ అక్క


రేవు, మూడో షెడ్డు
ఏప్రిల్ 3

అక్కకి,

ఉత్తరం అందింది. మంచి పని చేశావు.

బావని ఎడమ మూలకి తీసుకెళ్ళకు. తలుపుకి ఎదురుగా, గోడకి దగ్గరగా కూర్చోబెట్టు. వీలైతే కొన్నాళ్ళు ముందు గది కిటికీ దగ్గరే కూర్చోబెట్టు. నూనె పూర్తిగా పట్టేదాకా అని కాదు. ఏమైనా సరే. కారణం తర్వాత రాస్తాను.

తమ్ముడు


ఇల్లు,
ఏప్రిల్ 10

తమ్ముడికి,

నీ ఉత్తరం ఏడో తారీకున వచ్చింది. ఆరో తారీకున కూలింది.

ఎడమ మూల కూడా కాదు, మధ్యలో. పది గంటలప్పుడు కుర్చీ తోస్తున్నాను. పలక విరగలేదు, నేను నూనె పెట్టిన పలక నిక్షేపంలా ఉంది. పలక పలకలాగే కిందికి దిగిపోయింది. కుడి చక్రం ఇరుసు దాకా దిగింది. ఆయన ముందుకి తూలారు. నేను కుర్చీ చేతుల్ని పట్టుకుని వెనక్కి లాగుతూ నిలబడ్డాను. అరిస్తే పట్టు జారుతుందేమోనని అరవలేదు. ఎంతసేపో తెలియదు. టీచరమ్మ బట్టలారెయ్యడానికి వచ్చి చూసి, గోడ దూకి వచ్చింది, ఆ వయసులో. ఆయనకి మోచెయ్యి గీరుకుంది. నా కుడి భుజం కీలు తప్పింది. సరిచేశారు గానీ చెయ్యి పైకి లేవడం లేదు. మిషను ముందు కూర్చుంటే బట్ట జరపలేకపోతున్నాను.

ఆ మర్నాడు నీ ఉత్తరం చదివి, కట్టుతోనే కిందికి దూరాను. నువ్వు చుట్టూ అందంగా కొట్టిన చెక్కల్లో రెండు ఊడదీసి పాక్కుంటూ వెళ్ళాను. తేళ్ళు లేవు. దూలంలోకి స్క్రూడ్రైవరు గుచ్చితే పిడి దాకా దిగింది. నానిన అట్టలా ఉంది. గోరుతో గిల్లితే ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. నాలుగింట్లో మూడు అంతే. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో పొట్టమీద పడుకుని చూశాను.

నీకు తెలుసు. కిందికి దూరకు అని ఫిబ్రవరిలోనే రాశావు. తెలిసినవాడివి ఫోన్ చెయ్యొచ్చు కదా! ఆయన వింటే వినేవారు! మూలకి తీసుకెళ్ళద్దు అని కబురు చెప్పడానికి ఉత్తరమా? నాలుగు రోజులు పోస్టులో తిరిగే ఉత్తరమా?

నిజం రాయి. లేకపోతే అసలు రాయకు.

అక్క


రేవు, మూడో షెడ్డు
ఏప్రిల్ 18

అక్కా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది పంపిస్తాను.

అరుగు కట్టేటప్పుడు పలకలకి మంచి చేవ ఉన్న కలప దొరికింది. దూలాలకి దొరకలేదు. తెప్పించాలంటే పన్నెండు రోజులన్నారు. బావ ఇంకో నాలుగు రోజుల్లో ఇంటికొస్తాడు. ఒక పాత షెడ్డు పడగొడుతుంటే అందులో మెత్తరకం కలప దూలాలు చూశాను. చూడ్డానికి బాగున్నాయి. కోసిన కొసలకి మందు పట్టించి ఆరబెట్టాలి, ఆ టైమూ లేదు. గోడకి ఆనించి బిగించేశాను, గాలి ఆడే సందు వదల్లేదు. కిందంతా కనబడి అసహ్యంగా ఉంటుందని నాలుగు పక్కలా చెక్కలు కొట్టి మూసేశాను. తడి లోపలికి వెళ్ళే దారి ఉంది, బయటికొచ్చే దారి లేదు. వడ్రంగి పని నేర్చుకునే మొదటి ఏడాదిలోనే చెప్తారు ఇది చెయ్యకూడదని. రెండేళ్ళలో వచ్చి మార్చేద్దాంలే అనుకున్నాను. మూడేళ్ళ కిందట వచ్చినప్పుడు కిందికి దూరి చూశాను. నల్లబడుతున్నాయి. గట్టిగానే ఉన్నాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

పోయిన ఏడాది మార్చడానికి బయలుదేరుదామనుకున్నాను. దానికి పది రోజుల ముందు కోత మిషనులో నా కుడిచెయ్యి పడింది. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు పోయాయి. నీకు చెప్పలేదు. మూలిగే నక్క మీద తాటికాయ ఎందుకని. ఇప్పుడు స్టోర్సు కిటికీ దగ్గర కూర్చుని మిగతా వడ్రంగులకి పనిముట్లు ఇస్తాను, సాయంత్రం తిరిగి తీసుకుంటాను. నేను రాస్తున్నది ఎడమచేత్తో. మోకాలి మీద కాదు, ఇక్కడ బల్ల ఉంది.

నువ్వు నూనె గురించి అడిగినప్పుడు, దూలాలు పోయి ఉంటాయని చెబితే, మరి వచ్చి మార్చు అంటావు. మార్చలేనని చెప్పాలి. ఎందుకని అడుగుతావు. అందుకని నూనె గురించే రాశాను. నా రాత నాకే ముద్దుగా అనిపించింది, ఇంకా వడ్రంగిలా మాట్లాడుతున్నానని. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను అక్కా. బావ ఎత్తితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంతకంటే వేరే కారణం లేదు.

కొత్తది కట్టలేను. ఊడదియ్యడానికి మాత్రం ఒంటిచెయ్యి చాలు. రమ్మంటావా?

తమ్ముడు


ఇల్లు,
ఏప్రిల్ 25

తమ్ముడూ,

రా. చెయ్యి చూపించడానికైనా రా.

వేరే వడ్రంగిని పిలిచి కొత్త దూలాలు వేయిద్దామని మీ బావతో అన్నాను. వద్దన్నారు. సిమెంటు దిమ్మ పోయిద్దామన్నాను. వద్దన్నారు. ముందు గదిలోకి తోస్తానంటే కుర్చీయే ఎక్కనన్నారు. ఎందుకని అడిగితే మంచాన్ని గోడవైపు తిప్పమన్నారు.

అక్క


రేవు, మూడో షెడ్డు
మే 19

అక్కా,

క్షేమంగా చేరాను. నేనున్న మూడు రోజులూ నువ్వు నా చేతికేసి చూడకుండా అన్నం వడ్డించడం చూశాను. నేనూ నీ భుజానికేసి చూడలేదు. మనిద్దరం ఒక తల్లి పిల్లలమే.

ఒక సంగతి నీకు అక్కడ చెప్పలేకపోయాను. బావ చెప్పొద్దన్నాడు. కానీ చెప్పకుండా దాచినవాటితోనే ఇంతా జరిగింది, అందుకని రాస్తున్నాను. నేను చేసేది తప్పే అయితే ఇదీ నా ఖాతాలోనే వేసుకో.

రెండో రోజు నువ్వు మందులకి వెళ్ళావు. నేను ఎడమచేత్తో పలకలు ఊడదీస్తున్నాను. లోపల్నుంచి బావ పిలిచాడు.

"ఏరా ఉలీ, ఎన్ని పోయాయి?"

"నాలుగూ పోయాయి బావా. అక్క మూడే అనుకుంది."

"గోడ పక్కది పోయిన వానాకాలంలోనే పోయింది," అన్నాడు, గోడవైపు తిరిగే.

నీకెలా తెలుసన్నాను.

"చక్రం చప్పుడు మారింది కదరా. మా రోజుల్లో అన్నీ కర్ర స్తంభాలు. ఎక్కబోయే ముందు సుత్తితో కొట్టి వినాలి. గట్టిదైతే మోగుతుంది, పుచ్చుదైతే మూలుగుతుంది. ఇరవై రెండేళ్ళు విన్నాను. ఆఖరి రోజు ఒక్కటే వినకుండా ఎక్కాను. ఈ అరుగు మూలుగు నాకు వినబడదా?"

"మరి అక్కకి చెప్పలేదేం?"

బావకి దగ్గు వచ్చింది. నీళ్ళిచ్చాను.

"చెబుదామనే పిలవబోయానురా మొదటి రోజు. తలుపు సందులోంచి చూస్తే, మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో రుద్దుతూ కూనిరాగం తీస్తోంది. నేను పడ్డాక దాని నోట పాట వినడం అదే. నన్ను బాగుచెయ్యలేకపోయింది, కనీసం ఆ చెక్కనైనా బాగుచేస్తున్నాననుకుంటోంది. అది పుచ్చిందే, లే అని ఎలా చెప్పను? పద్నాలుగు రోజులు విన్నాను."

"దాని మీదే కూర్చున్నావుగా బావా తర్వాత. కూలుతుందని తెలిసీ!"

"కూలితే కూలనీ అనుకున్నాను. నేను పడటం కొత్తా? నా వెనక కుర్చీ పట్టుకుని అది ఉంటుందన్న ముక్క ఒక్కటే తట్టలేదు. దాని భుజం తీసుకున్నాను. ఇంకెక్కడికీ నన్ను తోయనివ్వను దాన్ని."

అంతే అక్కా. నేను బయటికెళ్ళి మిగతా దూలాలు లాగేశాను. చేత్తో లాగితేనే వచ్చేశాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతి మనది, నేనూ ఆయనా ఇద్దరం.

కుర్చీ ఎక్కించు. నువ్వు కాదు, టీచరమ్మకి చెప్పు తోయమని. బతిమాలు.

తమ్ముడు


ఇల్లు,
జూన్ 27

తమ్ముడూ,

నీ ఉత్తరానికి నెల పైన పట్టింది జవాబు రాయడానికి. భుజం వల్ల కొంత, మిగతాది నీకు తెలుసు.

నీ ఉత్తరం చదివి తిన్నగా ఆయన దగ్గరికెళ్ళాను. "నేను పాడానా?" అని అడిగాను. ఆయన దుప్పటి పైకి లాక్కున్నారు. "ఏ పాట?" అన్నాను. "పాట కాదు, ఊరికే రాగం," అన్నారు గోడతో. నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదురా ఆ రాగం. ఆయన చెబితే తప్ప నేను పాడినట్టే నాకు తెలియదు.

టీచరమ్మ రోజూ వచ్చింది, వారం రోజులు. "రండి సార్, వీధి గుమ్మం దాకా" అని. ఆయన చాలా మర్యాదగా ఆవిడకి నమస్కారం పెట్టి కళ్ళు మూసుకునేవారు. ఎనిమిదో రోజు నేనే ఆవిణ్ణి రావద్దన్నాను.

వానలు మొదలయ్యాయి. వెనక తలుపు తీస్తే నేరుగా బురద, అందుకని గడియ వేసి కింద పాత దుప్పటి కుక్కాను. గది చీకటిగా ఉంటుంది. మొన్న డాక్టరు వచ్చి వీపు మీద చెవి గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. నేను ఆయన మొహం చూస్తున్నాను. గొట్టం మెడలో వేసుకుని, "రెండు వైపులా చేరిందమ్మా" అన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళనా అన్నాను. "తీసుకెళ్ళొచ్చు," అన్నారు. తీసుకెళ్ళండి అనలేదు. మీ బావ ఆయనతో, "డాక్టరుగారూ, వినబడిందా?" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు తలకింద నాలుగు దిళ్ళు పెట్టి కూర్చోబెడుతున్నాను. మాట తక్కువ. ఊపిరి మాత్రం పెద్ద చప్పుడు. పక్క గదిలో మిషను ముందు కూర్చుంటే నాకూ వినిపిస్తుంది. ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు మళ్ళీ అందుకుంటుందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. కుట్టడం లేదు.

నాకు కోపంగా ఉంది. నీ మీదా, ఆయన మీదా. ఈ స్థితిలో ఆయన మీద చూపించడానికి వీల్లేదు కాబట్టి ఆయన వాటా కూడా నీకే వస్తుంది. భరించు. ఒక్కోసారి ఏమనిపిస్తుందంటే, మీ ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పినా, ఆ పద్నాలుగు రోజుల్లో దూలాలు మార్పించేదాన్ని. ఎండలున్నాయి, టైముంది. ఇద్దరూ నా మీద జాలిపడ్డారు. జాలి చెక్కకి పనిచెయ్యదు.

కబురు వస్తే బయలుదేరు. ఫోనే చేస్తాను, ఉత్తరం కాదు.

ఈలోగా ఉత్తరం రాస్తూ ఉండు. నీ చెయ్యి సంగతి రాయి, రోజూ ఎవరెవరు ఏ పనిముట్లు పట్టుకెళ్ళి తిరిగివ్వరో రాయి, ఏం తింటున్నావో రాయి. నూనె సంగతి, చెక్క సంగతి మాత్రం రాయకు.

అక్క